మన బంకు డీజిల్‌తో జమ్ము దాటకండి: చలిలో డీజిల్ గడ్డకట్టకుండా ఏం చేయాలి

అనంతపురంలో చీనీ కాయలు వేసుకుని ఢిల్లీ వెళ్లి, అక్కడ అన్‌లోడ్ అయ్యాక "శ్రీనగర్‌కి లోడుంది, కిరాయి బాగుంది, వచ్చేటప్పుడు ఆపిల్ దొరుకుతుంది" అని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చెప్పగానే సరేననే డ్రైవరన్నలు మనవైపు చాలామందే ఉన్నారు. రోడ్డు కొత్తదేమీ కాదు. మన కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ, జలంధర్, జమ్ము దాటి శ్రీనగర్ చేరుతుంది. చలి మాత్రం మనం ఎరిగింది కాదు. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగితేనే మఫ్లర్ చుట్టుకుంటాం. అదే పొద్దుటికి శ్రీనగర్‌లో మైనస్ 4, మైనస్ 5 ఉంటుంది, కార్గిల్ దారిలో ద్రాస్ వైపైతే మైనస్ 20 కూడా దాటుతుంది. ఆ చలిలో ఇంజన్ బాగుంటుంది, బ్యాటరీ తిప్పుతుంది, ట్యాంకులో డీజిల్ ఉంటుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు. లేదంటే స్టార్ట్ అయి రెండు నిమిషాలకే ఆగిపోతుంది.

భాష రాని చోట, మంచు రోడ్డు పక్కన, లోడుతో అలా నిలబడిపోవడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఇది రాకుండా చూసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. కానీ చేయాల్సిన పని దాదాపు అంతా బండి ఇంకా వెచ్చటి చోట ఉన్నప్పుడే అయిపోవాలి. ముఖ్యంగా డీజిల్ ఎక్కడ కొట్టించాలి, ఎంత మిగుల్చుకుని జమ్ము చేరాలి అన్న లెక్క సరిగ్గా ఉంటే సగం పని అయిపోయినట్టే.

అసలు డీజిల్‌కి ఏమవుతుంది

డీజిల్‌లో మైనం ఉంటుంది. ఎవరో కల్తీ చేసింది కాదు, ముడి చమురు నుంచి తీసేటప్పుడే వచ్చే పారఫిన్ అది. బాగా మండేది కూడా అదే, అందుకే రిఫైనరీ వాళ్లు పూర్తిగా తీసేయరు. చలికాలంలో సీసాలో కొబ్బరి నూనె పేరుకున్నట్టే ఈ మైనం కూడా పేరుకుంటుంది, కాకపోతే ఇంకా తక్కువ టెంపరేచర్‌లో.

ఇది ఒక్కసారిగా జరగదు. మొదట డీజిల్ మసకబారుతుంది, అంటే కంటికి సరిగ్గా కనపడనంత చిన్న మైనం పలుకులు కట్టడం మొదలైంది. ఇంకాస్త చల్లబడితే ఆ పలుకులు పోయి ఫిల్టర్‌కి పట్టుకుంటాయి. చివరికి ట్యాంకులో ఉన్నదంతా పారకుండా ముద్దలా అవుతుంది. మన బండ్లు చాలావరకు ఆగేది రెండో దశలోనే. ట్యాంకు మూత తీసి చూస్తే డీజిల్ నీళ్లలానే కదులుతూ ఉంటుంది, అందుకని ఎవరికీ డీజిల్ మీద అనుమానం రాదు, పంపు పోయిందేమో, నాజిల్ పోయిందేమో అని విప్పదీయడం మొదలుపెడతారు. అడ్డం పడింది ఫిల్టర్ దగ్గర. దాని రంధ్రాలు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటాయి, పల్చటి మైనం పొర చాలు మూసుకుపోవడానికి.

ఇక్కడొక లెక్క తెలిసి ఉండాలి. మన దేశంలో డీజిల్‌కి ఐఎస్ 1460 అని ఒక ప్రమాణం ఉంది. చల్లబడుతున్న డీజిల్ ఏ టెంపరేచర్ దగ్గర ఫిల్టర్‌ని మూసేస్తుందో దానికి ఆ ప్రమాణం ఒక హద్దు పెట్టింది: ఎండాకాలం డీజిల్‌కి 18 డిగ్రీలు, చలికాలం డీజిల్‌కి 6 డిగ్రీలు. చలికాలం అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మైనస్ కాదు, సున్నాకి పైన 6. బంకులో దొరికేది సాధారణంగా ఆ హద్దు కంటే మెరుగ్గానే ఉంటుంది గానీ, ఎంత మెరుగో మీకు ఎవరూ చెప్పరు, లోడు లోడుకీ మారుతుంది కూడా. అంటే అక్టోబరులో కొట్టించిన డీజిల్ ట్యాంకులో మిగిలి ఉండగా మీరు చలిలోకి వెళ్తే, ఆ డీజిల్ తప్పేమీ లేకుండానే బండి ఆగిపోవచ్చు.

లడఖ్ కోసం వేరే డీజిల్ ఉంది. ఇండియన్ ఆయిల్ వాళ్లు 2019 నవంబరులో పానిపట్ రిఫైనరీ నుంచి వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చారు, అది మైనస్ 33 దాకా పారుతుంది. లడఖ్, కార్గిల్, హిమాచల్‌లోని కాజా, కేలాంగ్ లాంటి చోట్లకి దాన్ని పంపిస్తారు. కార్గిల్ వైపు వెళ్లే పని పడితే అడగాల్సింది అదే. కింద మైదానంలో కొట్టించిన మామూలు డీజిల్‌తో చలికాలంలో ఆ దారిలోని జోజిలా కనుమ ఎక్కే ఆలోచన అస్సలు పెట్టుకోవద్దు.

బయల్దేరే ముందు, మన షెడ్డులోనే

మొదటి పని నీళ్లు తీయడం. డీజిల్ ఫిల్టర్ దగ్గరే వాటర్ సెపరేటర్ ఉంటుంది, కింద చిన్న డ్రెయిన్ స్క్రూ. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, ఆ స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టండి. ప్లాస్టిక్ మగ్గులో పడితే ఏమీ తెలియదు, గాజు సీసా అయితేనే కనిపిస్తుంది. ఓ ఐదు నిమిషాలు కదపకుండా పెడితే నీళ్లు అడుక్కి దిగి, పైన డీజిల్ వేరుగా గీత గీసినట్టు నిలబడుతుంది. గీత కనిపిస్తే మళ్లీ పట్టండి, గీత కనిపించకుండా పోయేదాకా పడుతూనే ఉండండి. మన ఎండల్లో ఈ నీళ్లతో వెంటనే ఇబ్బంది తెలియదు, సున్నా కిందికి దిగితే మాత్రం మైనంతో పాటు ఇవి కూడా గడ్డకట్టి దారి మూసేస్తాయి. ట్యాంకు అడుగున డ్రెయిన్ నట్టు ఉంటే అక్కడ కూడా ఇలాగే చూడాలి.

తర్వాత ఫిల్టర్లు. ప్రైమరీ, సెకండరీ రెండూ కొత్తవి వేయించండి, ఇంకో జత సీల్ తీయకుండా బండిలో పెట్టుకోండి. సగం మురికి పట్టిన ఫిల్టర్ ఇక్కడ ఇంకో పదివేల కిలోమీటర్లు నడవొచ్చేమో, అక్కడ ఆ మిగిలిన సగాన్ని మైనం మూసేస్తుంది. మీ బండి మోడల్‌కి సరిపోయే ఫిల్టర్ కొండల్లో రాత్రిపూట దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఫిల్టర్ విప్పే పట్టీ స్పానర్ కూడా వెంట ఉండాలి.

రేడియేటర్ సంగతి మనవాళ్లకి గట్టిగా చెప్పాల్సి వస్తోంది. మనకి ఎండ ఎక్కువ, కూలెంట్ కారిపోతే బోరు నీళ్లు పోసేసి నడిపేయడం అలవాటు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతో తెలుసు కదా, అది వేరే నష్టం. కాశ్మీర్‌కి ఉత్త నీళ్లతో వెళ్తే ఒక్క రాత్రి చాలు, నీళ్లు గడ్డకట్టి ఉబ్బి రేడియేటర్ పగలొచ్చు, బ్లాకు కూడా పగలొచ్చు. మొత్తం తీసేసి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయించండి, అది మైనస్ 35 దాకా తట్టుకుంటుంది. ముందే కలిపి అమ్మే కూలెంట్ అయితే మళ్లీ నీళ్లు కలపకూడదు, డబ్బా మీద చూసుకోండి.

బ్యాటరీ పాతదైతే ఇక్కడే లోడ్ టెస్ట్ చేయించండి. చలికి బ్యాటరీ బలం బాగా తగ్గిపోతుంది, మైనస్ 18 దగ్గరైతే దాదాపు సగమే మిగులుతుంది, పైగా చిక్కబడ్డ ఆయిల్‌తో ఇంజన్ తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ-40 అయితే శ్రీనగర్ దాకా సరిపోతుంది, లడఖ్ అయితే బండి పుస్తకంలో ఏం రాశారో చూసి పల్చటిది వేయించుకోండి. బ్రేకు ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటికి తీసేయండి, ఆ గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రైయర్ పాతదైతే మార్చండి. బ్రేకు లైన్‌లో నీళ్లు గడ్డకట్టడం డీజిల్ గడ్డకట్టడం కంటే ప్రమాదం, బండి ఆగకపోతే చేసేదేమీ ఉండదు.

బీఎస్ 6 (పొగ కాలుష్యానికి పెట్టిన కొత్త ప్రమాణం) బండికి యూరియా ట్యాంకు ఉంటుంది కదా, అందులో పోసే డీఈఎఫ్, అంటే పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం, మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దానికి కంగారు పడొద్దు, చలి దేశాల్లో నడిచేలా చేసిన బండ్లకి ట్యాంకు వేడెక్కే ఏర్పాటు ఉంటుంది, బండి నడిచేకొద్దీ కరుగుతుంది. గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది కాబట్టి మూతి దాకా నింపకండి, అందులో నీళ్లు గానీ ఇంకేదైనా గానీ కలపకండి. అంతే.

యాంటీ జెల్ మందు

డీజిల్ గడ్డకట్టకుండా వాడే యాంటీ జెల్ మందు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఢిల్లీ, లుధియానా వైపు స్పేర్ పార్టుల షాపుల్లోనూ అడగొచ్చు. బీఎస్ 6కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉండాలి. ఎంత పోయాలో కూడా అక్కడ రాసినంతే, రెట్టింపు పోస్తే రెట్టింపు పని చేయదు.

ఇది మైనాన్ని తీసేయదు. పలుకులు పెద్దవి కాకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది, అందువల్ల అవి ఫిల్టర్ గుండా వెళ్లిపోతాయి. కాబట్టి పలుకులు కట్టకముందే డీజిల్‌లో కలిసి ఉండాలి. మసకబారిన డీజిల్‌లో పోస్తే డబ్బులు పారబోసినట్టే. ముందు మందు పోసి, దాని మీద డీజిల్ కొట్టించండి, ఆ వేగానికి బాగా కలుస్తుంది. డిసెంబరులో కూడా జమ్ములో మధ్యాహ్నం పూట ఎండ బాగానే ఉంటుంది, ఆ పని అక్కడ ఆ పూటే చేసుకోవాలి. రాత్రి పైన కొండల్లో, బనిహాల్‌లో గుర్తొస్తే లాభం లేదు.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది, ఇంటి దగ్గరే చేసి చూడొచ్చు. రెండు చిన్న గాజు సీసాల్లో మీ ట్యాంకు డీజిల్ పట్టండి, ఒకదాంట్లో మాత్రం కొలత ప్రకారం మందు కలపండి. పెద్ద సీసాలో కలిపి అందులోంచి చిన్నదాంట్లోకి పోసుకుంటే కొలత తప్పదు. బకెట్‌లో ఐస్ ముక్కలు చితక్కొట్టి, గుప్పెళ్ల కొద్దీ రాళ్ల ఉప్పు కలిపి, రెండు సీసాల్నీ మూతలు బిగించి మెడ దాకా అందులో దించండి. ఉప్పు కలిసిన ఐస్ సున్నా కంటే బాగా కిందికి దిగుతుంది, మైనస్ 10 దాటడం కష్టం కాదు, పక్కనే ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టుకుంటే ఎంతలో ఉన్నామో తెలుస్తుంది. అరగంట తర్వాత తీసి, తుడిచి, వెలుతురుకి పెట్టి చూడండి. మందు లేని సీసా పసుపు రంగు పోయి మజ్జిగ తేటలా తెల్లబడి ఉండొచ్చు, వంచితే అడుగున పలుకులు మెల్లగా జారతాయి, ఒక్కోసారి జారవు కూడా. మందు ఉన్నది కూడా మసకగానే ఉండొచ్చు, అది చూసి మందు పని చేయలేదనుకోవద్దు, వంచితే పారుతోందా లేదా అన్నదే చూడాలి. రెండిటికీ తేడా ఏమీ కనిపించకపోతే ఆ మందు మీ డీజిల్‌కి పని చేయట్లేదు, వేరేది చూసుకోండి. ఒక్కసారి ఇది కళ్లారా చూసిన డ్రైవర్‌కి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు, క్లీనర్ కుర్రాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

దారిలో డీజిల్ లెక్క

మన డ్రైవర్లు ఎక్కడ డీజిల్ చవకో చూసి ట్యాంకు నింపుతారు. రేటు తక్కువని కర్ణాటక బార్డరు దాటాక కొట్టించడం మనకి మామూలే. అది మైదానంలో మంచి పద్ధతే. చలి వైపు వెళ్లేటప్పుడు మాత్రం రేటు పక్కన పెట్టి, వీలైనంత ఉత్తరాన, వీలైనంత ఆలస్యంగా నింపాలి. చలికి ఎంత దగ్గరి బంకైతే అంత మంచిది, అక్కడి లోకల్ లారీలు రోజూ అదే డీజిల్‌తో ఆ చలిలో నడుస్తున్నాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. ట్యాంకు 350 లీటర్లు, లోడు మీద మైదానంలో లీటరుకి 4 కిలోమీటర్లు ఇస్తోందనుకోండి. జలంధర్ నుంచి జమ్ము 200 కిలోమీటర్లు దాటుతుంది, అంటే 50, 55 లీటర్లు. జలంధర్‌లో 120 లీటర్లు ఉండేలా చూసుకుంటే జమ్ము చేరేసరికి 65 మిగులుతాయి. అక్కడ మందు పోసి 280 లీటర్లు కొట్టిస్తే ట్యాంకులో పాతది ఐదోవంతు కంటే తక్కువే. అదే ఢిల్లీలో నింపేసుకుని, జమ్ము దగ్గర సగం ట్యాంకు ఉంది కదా చాల్లే అని వెళ్లిపోతే మీరు కొండెక్కుతున్నది మైదానం డీజిల్‌తోనే. నవంబరు మొదట్లో అయితే ఇంకా జాగ్రత్త, ఎండాకాలం స్టాకు ఇంకా అయిపోని బంకులు ఉంటాయి, అందుకే లారీలు బారులు తీరి ఉన్న రద్దీ బంకు చూసుకోండి. గిరాకీ లేని బంకులో ట్యాంకు అడుగు నీళ్లు కూడా మన ట్యాంకులోకి వస్తాయి.

తక్కువ డీజిల్‌తో కొండెక్కమని మాత్రం నా ఉద్దేశం కాదు. జమ్ము నుంచి శ్రీనగర్ 250 కిలోమీటర్ల పైచిలుకు, ఘాట్ మీద లోడుతో మైలేజీ రెండున్నరకి పడిపోతుంది. పైగా రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడితే రోడ్డు గంటలు, ఒక్కోసారి రోజులు మూసేస్తారు. పెద్ద బండ్లని ఒక రోజు అటు నుంచి, ఒక రోజు ఇటు నుంచి వదలడం కూడా ఉంటుంది, ఉధంపూర్ దగ్గరో ఖాజీగుండ్ దగ్గరో లైన్లో పెట్టేస్తారు. ఈ రాత్రికి శ్రీనగర్ చేరతాం అన్న లెక్క అక్కడ నడవదు. ఎక్కడైనా ఒక రాత్రి ఇరుక్కుంటామనే అనుకుని ట్యాంకు నిండుగా పెట్టుకోవాలి. నిండు ట్యాంకు మెల్లగా చల్లబడుతుంది, లోపల గాలి తక్కువ కాబట్టి గోడలకి చెమ్మ కూడా తక్కువ పడుతుంది.

బయోడీజిల్ అని తక్కువ రేటుకి క్యాన్లలో అమ్మేవాళ్లు హైవే మీద తగులుతారు. దాని జోలికే వెళ్లొద్దు. పామాయిల్‌తో చేసినదైతే 15 డిగ్రీల దగ్గరే మసకబారుతుంది, అది కాశ్మీర్ దాకా అక్కర్లేదు, పంజాబు పొగమంచులోనే బండిని ఆపేస్తుంది.

రాత్రి ఆగినప్పుడు

డిసెంబరు 21 నుంచి 40 రోజులు కాశ్మీర్‌లో చిల్లై కలాన్ అంటారు, చలి గజగజలాడించే రోజులు అవే. ఆ రోజుల్లో వెళ్తే ఈ జాగ్రత్తలేవీ వదలకండి.

ఆగే చోటు వెలుగుండగానే వెతుక్కోండి. గాలి నేరుగా ట్యాంకుకి కొట్టకుండా ఏదైనా గోడ గానీ పెద్ద బండ్ల వరస గానీ అడ్డం ఉన్న చోటు, పొద్దున ఎండ ట్యాంకు ఉన్న వైపు పడే చోటు చూసుకోండి. ఏటి ఒడ్డున పల్లంలో ఆపొద్దు, చల్లగాలి రాత్రికి పల్లంలోకే దిగుతుంది. ట్యాంకుకి, ఫిల్టర్లకి పాత కంబళి చుట్టి తాడుతో కట్టండి. కంబళి వేడి పుట్టించదు గానీ, బండి నడిచి వచ్చినప్పుడు డీజిల్‌లో ఉన్న వెచ్చదనం త్వరగా పోకుండా ఆపుతుంది, కాబట్టి ఆగిన వెంటనే చుట్టాలి, తిని పడుకునే ముందు కాదు. పొద్దున తీసేయడం మర్చిపోవద్దు, సైలెన్సర్‌కి తగిలితే అంటుకుంటుంది.

రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెట్టడం చాలామంది చేసే పని. పాత బండికి డీజిల్ ఖర్చే, బీఎస్ 6 బండికి సైలెన్సర్‌లో ఉండే ఫిల్టర్ మసితో పూడుకుపోతుంది. మరీ భయంగా ఉంటే అలారం పెట్టుకుని మధ్యలో లేచి, కాసేపు ఐడిల్ కంటే కొంచెం ఎక్కువ మీద తిప్పి, మళ్లీ ఆపేయండి. తిరిగి ట్యాంకులోకి వచ్చే రిటర్న్ డీజిల్ వేడిగా వస్తుంది, అది కూడా కొంత సాయం. సైలెన్సర్ మంచులో కూరుకుపోయి ఉంటే మాత్రం ఇంజన్ ఆన్ చేయనే వద్దు, ముందు మంచు తీసేయండి, లేకపోతే పొగ క్యాబిన్‌లోకి ఎక్కుతుంది.

క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని అద్దాలు మూసి పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గ్యాస్ స్టవ్ కూడా అంతే. ఇంకో రెండు కంబళ్లు ఎక్కువ కొనుక్కోండి, ఇంట్లో మీ కోసం చూసేవాళ్లు ఉన్నారు.

పొద్దున స్టార్టింగ్

తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టొద్దు. హీటర్ లైటు ఆరేదాకా ఆగండి, చలి ఎక్కువైతే ఆరాక తాళం వెనక్కి తిప్పి ఇంకోసారి వేడెక్కనివ్వండి. సెల్ఫ్ ఒక్కోసారి 10, 15 సెకన్లకి మించి పట్టుకోకూడదు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు బ్యాటరీకి, సెల్ఫ్ మోటారుకి గ్యాప్ ఇవ్వాలి. స్టార్ట్ అయ్యాక యాక్సిలేటర్ తొక్కి రేజ్ చేయకండి. చిక్కబడ్డ ఆయిల్ టర్బో దాకా చేరడానికి టైం పడుతుంది. ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి, ఆ తర్వాత చిన్న గేర్లలో కొద్ది దూరం పోనివ్వండి. ఎయిర్ ప్రెజర్ నిండి, బ్రేకు పట్టుకుంటోందని చూసుకున్నాకే రోడ్డెక్కాలి.

అయినా గడ్డకట్టేస్తే

గుర్తులు ఇవీ: స్టార్ట్ అయి నిమిషం, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. లేదంటే ఎక్కుడులో పికప్ పోయి, గుంజుతూ, చివరికి ఆఫ్ అవుతుంది. సెపరేటర్ గిన్నె పారదర్శకంగా ఉంటే లోపల తెల్లటి ముద్ద కనిపిస్తుంది. కొంచెం బయటికి తీసి అరచేతిలో పట్టుకోండి, కరిగి నూనెలా అయితే మైనం, నీళ్లయితే మంచు. రెండిటికీ చేయాల్సింది వేడి తగిలించడమే, కాకపోతే మంచైతే కరిగాక ఆ నీళ్లు డ్రెయిన్ చేసేయాలి.

సెల్ఫ్ కొట్టడం ఆపేయండి, బ్యాటరీ ఖాళీ చేసుకుంటే రెండు కష్టాలు. వేడి నీళ్లలో గుడ్డ ముంచి పిండి ఫిల్టర్ చుట్టూ, పైపుల చుట్టూ మార్చి మార్చి చుట్టండి. మరిగే నీళ్లు నేరుగా పోయొద్దు, చల్లటి ప్లాస్టిక్ గిన్నె పగులుతుంది, వైర్లలోకి నీళ్లు దిగుతాయి. దాంతో లొంగకపోతే ఫిల్టర్ మార్చండి. కొత్త ఫిల్టర్‌ని రాత్రి క్యాబిన్‌లో మీ దగ్గరే పెట్టుకుని ఉంటే వెచ్చగా ఉంటుంది. కామన్ రైల్ (హై ప్రెజర్‌తో డీజిల్ కొట్టే ఇప్పటి ఇంజన్) బండికి ఫిల్టర్‌లో చేత్తో డీజిల్ నింపి బిగించకండి, పిసరంత దుమ్ము లోపలికి పోయినా ఇంజెక్టర్లు పోతాయి, ఖాళీది బిగించి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి ఎయిర్ తీయండి. ప్రైమర్ గట్టిపడే దాకా కొట్టాలి, తొందరపడొద్దు. గడ్డకట్టాక వాడే మందు వేరే ఉంటుంది, డీ-జెల్ లాంటి పేర్లతో అమ్ముతారు, యాంటీ జెల్ కొనేటప్పుడే ఒక సీసా అది కూడా తెచ్చుకోండి. ఏదీ లేకపోతే ఎండ వచ్చేదాకా ఆగడమే మంచిది, పదకొండు గంటలకి చాలా బండ్లు వాటంతటవే దారికొస్తాయి.

ట్యాంకు కింద మంట పెట్టడం కొండ దారుల్లో మీకు కనిపిస్తుంది. గుడ్డ పేలికలు తగలబెట్టి, డబ్బాలో డీజిల్ మంట పెట్టి ట్యాంకు కింద తోస్తారు, పక్కనున్నవాళ్లు సాయం చేద్దామనే వస్తారు కూడా. దండం పెట్టి వద్దనండి. లీకైన ఒక్క చుక్క చాలు, ట్యాంకు పక్కనే ఎయిర్ పైపులు, వైరింగు, టైర్లు. మీ బండితో పాటు లైన్లో ఉన్న మిగతావాళ్ల బండ్లు కూడా పోతాయి.

పెట్రోల్ కలపడం కూడా అలాంటిదే, ట్యాంకు మంటలకి సిద్ధమైనట్టు ఉంటుంది, పంపుకి కావాల్సిన జిడ్డు పోయి అరిగిపోతుంది. కిరోసిన్ కలిపితే మైనం సంగతి కొంత తగ్గుతుందన్నది నిజమే, పాత బండ్ల రోజుల్లో కలిపేవాళ్లు. ఇప్పటి హై ప్రెజర్ పంపుకి ఆ జిడ్డు లేని నూనె పడదు, అందులోని గంధకం బీఎస్ 6 సైలెన్సర్‌ని పాడు చేస్తుంది, వారంటీ ఉండదు, పట్టుబడితే కేసు. ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేయమంటారు కొందరు, హీటర్ ఉన్న ఇంజన్‌లో అది పేలుతుంది.

చిన్న బండ్లకి

బొలెరోలో గానీ ఇన్నోవాలో గానీ కుటుంబంతో కాశ్మీర్, మనాలి టూర్ వెళ్లేవాళ్లకి కూడా లెక్క ఇదే: ఫిల్టర్ కొత్తది, కూలెంట్ సరైనది, కొండ మొదట్లో ఫుల్ ట్యాంకు. అటల్ టన్నెల్ దాటి కేలాంగ్ వైపు చలికాలంలో వెళ్తుంటే అక్కడి బంకులో వింటర్ డీజిల్ ఉందా అని అడిగి కొట్టించండి, అప్పుడు మాత్రం ఫుల్ ట్యాంకు కాకుండా కొంత చోటు ఉంచుకుని వెళ్లండి.

కిందికి దిగాక

మిగిలిన వింటర్ డీజిల్‌ని తీసేయక్కర్లేదు, మందు కలిసినదైనా సరే, మన ఎండలో మామూలుగానే మండుతుంది. సెపరేటర్ నీళ్లు మాత్రం జమ్ములో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి తీయండి, చలి నుంచి వేడిలోకి వచ్చిన ట్యాంకులో చెమ్మ బాగా పడుతుంది. పైన మైనం పట్టి ఇబ్బంది పెట్టిన ఫిల్టర్ ఇప్పుడు బాగానే లాగుతోంది కదా అని వదిలేయకుండా మార్చేయండి. కంబళి, మిగిలిన మందు సీసా ఒక పెట్టెలో వేసి దాని మీద తేదీ రాసి పెట్టండి. మందు సీసాకి ఎక్స్‌పైరీ ఉంటుంది, వచ్చే నవంబరులో మళ్లీ లోడు పడితే మొదట చూసుకోవాల్సింది అదే.